సైదాబీ ఇంట్లో కాయలు

గురవమ్మ నోరు మంచిదే. కానీ దానికి గడియ లేదని వాళ్ల అత్త బతికున్నన్నాళ్లూ సణుగుతూనే ఉండేది. నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూడితే చాలు, వాళ్లను కడుపుబ్బ నవ్వించనిదే గురవమ్మకు తిన్నది అరిగేది కాదు. నవ్వించడం తప్పా అంటే ఎవరు మాత్రం తప్పంటారు? ఇంకే ఊళ్లో అయినా ఆమెను పిలిచి పీట వేసేవాళ్లు. ఆమె ఖర్మ కాలి, వేముల పక్కన ఆ ఊరికి కాపురానికి వచ్చింది.

ఆ ఊరికి రెండు వీధులు, రెండు పార్టీలు. పైన నాయకులు కండువాలు మార్చుకున్నా, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఫోటోలు దిగినా, కింద తూర్పువీధి తూర్పువీధే, పడమటివీధి పడమటివీధే. ఎవరి చీనీతోటను, అంటే బత్తాయితోటను, ఎవరు నరికించారో, ఎవరి గడ్డివాముకు ఎవరు అగ్గి పెట్టారో పిల్లలకు ఎక్కాల్లాగా నోటికి వచ్చేది. వాళ్లకొక బోరింగు, వీళ్లకొక బోరింగు. టీ అంగళ్లు వేరు, మంగళ్లు వేరు. గురవమ్మ మొగుడు పుల్లన్న గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, గొర్లమ్మి చీనీతోట పెట్టుకున్న మనిషి. ఎవరి జోలికీ పోడు. అయినా ఇల్లు పడమటివీధిలో ఉంది కాబట్టి ఆయన పడమటి పార్టీ. దానికి సభ్యత్వం కార్డు అక్కర్లేదు.

రెండు వీధులూ కలిసే చోట, పీర్లచావిడి పక్కన సైదాబీ ఇల్లు. మొగుడు షంషుద్దీన్ కువైట్‌లో బండి తోలుతాడు. ఈమె మిషను కుడుతుంది. తూర్పు రవికలూ పడమటి రవికలూ ఆ ఊళ్లో ఒకే సూది కిందికి వచ్చేవంటే అది సైదాబీ సూదే. "చెప్పులూ పార్టీలూ గడపకు బయట ఇడిచి రాండమ్మా" అనేది, నవ్వుతూనే. ఆడవాళ్లు నిజంగానే ఇడిచి వచ్చేవాళ్లు. ఇంటి దగ్గర ఒకరి పేరు ఒకరు తలవనివాళ్లు సైదాబీ చాప మీద పక్కపక్కన కూర్చుని రవిక మెడ ఎంత లోతు పెట్టించాలో మాట్లాడుకునేవాళ్లు.

సైదాబీకి ఇంకో పద్ధతి ఉండేది. ఆమె నోట తూర్పోళ్లు, పడమటోళ్లు అనే మాట ఏనాడూ వచ్చి ఎరగదు. అందరికీ వరస కలిపేది. గురవమ్మ ఒకసారి కావాలనే గిల్లి చూసింది. మిషను మీదున్న నీలం రవిక చూపించి, "ఎవురిదే ఇది, తూర్పోళ్లదా?" అంది.

"అంకమ్మొదినది" అంది సైదాబీ, తల ఎత్తకుండా.

"అదేలే, తూర్పోళ్లది."

"అంకమ్మొదినది అంటాండా కదా గురవక్కా" అని దారం కొరికింది సైదాబీ. ఆ తర్వాత గురవమ్మ ఆ మాట ఆ ఇంట్లో ఎత్తలేదు. ఊరు మొత్తం మీద ఏ పార్టీదీ కాని ఇల్లు అదొక్కటేనని, ఒంటరి ఆడమనిషి అక్కడ తలుపు దగ్గరికి వేసి నిమ్మళంగా నిద్రపోతోందంటే ఆ ఒక్క పద్ధతి వల్లేనని గురవమ్మకు తెలుసు. అందరికీ తెలుసు. అందుకే ఆ ఇంటిని అందరూ కాపాడుకుంటూ వచ్చారు.

జాము సంగతి షంషుద్దీన్‌తో మొదలైంది. ఒక సెలవుకు వచ్చినప్పుడు కువైట్ నుంచి నారింజ జాము సీసా ఒకటి పట్టుకొచ్చాడు. సైదాబీ ఒక వేలు నాకి, ఇంకో వేలు నాకి, "ఇదేమన్నా బ్రహ్మవిద్యా? మన చీనీకాయలతో కాదా ఏంది?" అంది. ప్రొద్దుటూరులో వాళ్లమ్మ మెహబూబున్నీసా మామిడికాయ మురబ్బా చేస్తే వీధి వీధంతా వాసనకే లేచి కూర్చుంటుంది. ఆ చెయ్యి ఈమెకూ వచ్చింది. చీనీకాయలకు గురవమ్మ ఉండనే ఉంది. గాలివానకు రాలిన కాయలను పులివెందుల బేరగాళ్లు కన్నెత్తి చూడరు. తోటలో చెట్ల కింద కుళ్లిపోయేవి. గురవమ్మ వాటిని గంపకెత్తుకుని సైదాబీ ఇంటికి తెచ్చేది.

మొదటి ఏడాది జాము విషం. తినడానికి నోట పెట్టిన పుల్లన్న వీధిలోకి పరిగెత్తి ఉమ్మేశాడు. పని తొందరగా కావాలని గురవమ్మే తొనలను పొరలతో సహా, గింజలతో సహా పిసికి గిన్నెలో పడేసింది మరి. "నీకు నోట్లోనే కాదక్కా, చేతుల్లోనూ తొందరే" అని సైదాబీ నవ్వి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. తొనల పొరలు ఒలవాలి. గింజలూ, తొక్కలోపలి తెల్లటి పీచూ పారేయకుండా పల్చటి గుడ్డలో మూటకట్టి రసంలో వేలాడదీయాలి, పాకం గట్టిపడేది ఆ మూట వల్లే. కాస్త పైతొక్క సన్నగా తరిగి, ఉడికించి, నీళ్లు పారబోసి కలపాలి. కళాయి పోసిన గిన్నె తప్ప ఇంకోటి పనికిరాదు. చక్కెర పోసినాక పొయ్యి దగ్గరనుంచి లేవకూడదు. పాకం వచ్చిందా లేదా చూడటానికి గిన్నెడు చన్నీళ్లలో ఒక బొట్టు వేసేది సైదాబీ. బొట్టు చెదిరిపోతే ఇంకా రాలేదు. చెదరకుండా అడుగుకు పోయి నిలబడిందా, "అయ్యిందక్కా, దించు" అనేది. ఆ క్షణంలో ఆమె ముఖం చూడాలి! కువైట్ నుంచి మొగుడు దిగినా అంత సంబరం ఉండేది కాదు.

జాడీలు మాత్రం ఆమెవి కావు. ఎవరికి జాము కావాలో వాళ్లు తమ ఇంటి జాడీ తెచ్చి ఇచ్చేవాళ్లు. నింపిన జాడీలు కొన్నాళ్లు వంటింటి గూట్లో నీడన ఉండాలి, అప్పుడే తొక్కలోని వగరు దిగి తీపి పడుతుంది. అన్నీ పింగాణీ జాడీలే, తెలుపూ గోధుమరంగూ, ఏది ఎవరిదో పోల్చలేం. అందుకని సైదాబీ మూత మీద గుడ్డ కట్టేది. ఎవరి జాడీకి వాళ్ల రవిక కుట్టగా మిగిలిన ముక్కే. అంకమ్మ జాడీకి నీలం. గురవమ్మ జాడీకి పసుప్పచ్చ మీద ఎర్రచుక్కలు. ఆ గూట్లో తూర్పూ పడమరా ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. గురవమ్మకు ఆ గూడు చూస్తే ఎందుకో కడుపు నిండినట్టుండేది.

ఇక ఆ ఊరి మాట ఒకటి చెప్పాలి. అక్కడ బాంబును బాంబు అనరు. ఆ మాట పోలీసులది, పేపరువాళ్లది. ఊళ్లో దాన్ని కాయ అంటారు. తాడు చుట్టి గుండ్రంగా చీనీకాయంతే ఉంటుంది కాబట్టి ఆ పేరు. "కాయలు దిగినాయంట" అని ఎవరైనా అంటే, తోటలో బేరం తెగిందని అనుకోవచ్చు, పిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపులు వేసుకోవాలనీ అనుకోవచ్చు. ఏదనేది ఆ అన్న మనిషి ముఖం చూసి తెలుసుకోవాలి. కాయను నీళ్లలో ముంచితే చచ్చిపోతుందని కూడా ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

పంచాయతీ ఎలక్షన్ల నోటీసు పడిన ఏడాది చీనీలు విరగకాశాయి. గాలివానా అంతే గట్టిగా కొట్టింది. గూటి నిండా జాడీలు, కింద ఇంకో వరస కూడా. ఆ వారంలోనే ఒకరోజు గురవమ్మ పులివెందుల బస్సెక్కింది. ముందు సీట్లో అంకమ్మ. తూర్పువీధి పెద్ద యల్లయ్య కోడలు. సైదాబీ చాప మీదయితే ఇద్దరికీ మాటలున్నాయి. బస్సులో లేవు. బస్సులో ఒకరితో ఒకరు మాట్లాడితే ఇంటికి పోయి జవాబు చెప్పుకోవాలి. అందుకని అక్కడి ఆడవాళ్లు ఎదుటిమనిషికి తగలాల్సిన మాటను పక్కమనిషితో అంటారు.

అంకమ్మ పక్కనున్న ముసలామెతో గట్టిగా అంది. "ఈతూరి కొంతమందికి నామినేషనేసే మొగోడు గూడా దొరకడంట పిన్నమ్మా. అంతా భయంతో చస్తాండారంట."

బస్సు చెవులు రిక్కించింది. గురవమ్మ ఊరుకుంటే పోయేది. ఊరుకోవడమా, గురవమ్మా? టికెట్టు కొడుతున్న కండక్టరును పట్టుకుంది.

"కండక్టరప్పా, కొందరికి తెల్దు పాపం. మేం భయపడేదేముంది? మా సైదాబీ ఇంట్లో కాయలు నింపి పెట్టినాం, జాడీలకు జాడీలు. మూతలకు గుడ్డలు గూడా కట్టినాం. ఎలచ్చన్ల దినం ఇప్పుతాం. తూర్పోళ్లు, పడమటోళ్లని ల్యాకుండా అందరికీ తలా కాసింత రుచి చూపిస్తాం!"

బస్సు గొల్లుమంది. కండక్టరు టికెట్ల మిషను చంకలో పెట్టుకుని నవ్వాడు. జాము తెలిసినవాళ్లు జాముకు నవ్వారు, తెలియనివాళ్లు తెగువకు నవ్వారు. అంకమ్మ కూడా, తన నీలం గుడ్డ జాడీ గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం గురవమ్మ వెనకనుంచి చూసింది. పులివెందులలో దిగేదాకా గురవమ్మకు కాళ్లు నేలమీద లేవు. ఎంత మాటన్నాను అని తనకు తానే మురిసిపోయింది.

ఆ మాట ఊరికి తనకంటే ముందే చేరింది. నవ్వు మాత్రం బస్సులోనే ఉండిపోయింది. వెనక సీట్లలో కూర్చున్న మొగవాళ్లు ఎవరో పులివెందుల బస్టాండులో టీ తాగుతూ చెప్పారు, అది విన్నవాళ్లు ఇంకొకరికి చెప్పారు. సాయంత్రానికి తూర్పువీధిలో సంగతి ఇలా తయారైంది. పడమటోళ్లు కాయలు దించినారు, సైదాబీ ఇంట్లో దాచినారు, జాడీల్లో పెట్టి గుడ్డలు కట్టినారు, ఎలక్షన్ల రోజు ఇప్పుతారు. పుల్లన్న పెండ్లామే నోరు జారి చెప్పింది.

"అది తమాషాకు అనింది మామా, జాము గురించి" అని అంకమ్మ ఇంట్లో చెప్పకపోలేదు. చెప్పింది. యల్లయ్య జామును ఎరగనివాడూ కాదు, పోయిన ఏడు రొట్టెలోకి వేయించుకుని తిన్నవాడే. అయినా ఇంటి మొగవాళ్లు ఆమె మీద విరుచుకుపడ్డారు. జాము జాడీలు ఎన్నో, ఇవి ఎన్నో నీకేం తెల్సు? ఏ పార్టీదీ కాని ఇంటిని ఎవురు సోదా చేస్తారు? దాచాలంటే అంతకంటే మంచి చోటు యాడుంది? ఇంతకాలం సైదాబీని ఏది కాపాడిందో, అదే ఆమె మీద సాక్ష్యంగా తిరిగింది. భయపడినవాడికి దేన్నయినా సాక్ష్యం చేసుకోవడం వచ్చు.

మరుసటి రోజు మధ్యాహ్నం గురవమ్మ బోరింగు దగ్గర ఉండగా ఎవరో వచ్చి చెప్పారు, తూర్పోళ్లు సైదాబీ ఇంట్లోకి పోయినారని. బిందె అక్కడే వదిలేసి పరిగెత్తింది. పీర్లచావిడి మలుపు దాకా వచ్చి, గోడ వారన ఆగిపోయింది. సైదాబీ ఇంటి గడపా, పెరడూ అక్కడినుంచి కనిపిస్తాయి, మాటలూ వినిపిస్తాయి.

యల్లయ్య అలవాటు కొద్దీ గడప దగ్గర చెప్పులు విడిచే లోపలికి పోయాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు విడవలేదు.

"అమ్మా సైదాబీ" అన్నాడు యల్లయ్య, గొంతు తగ్గించి. "నీ ఇంట్లో కాయలుండాయంట. నిజమేనా?"

సైదాబీ మిషను మీదనుంచి లేచి నవ్వింది. ఆ పిచ్చితల్లికి బస్సు సంగతే తెలియదు. "ఉండాయి మామా. గూడు పట్టకుండా ఉండాయి ఈతూరి. ఐతే ఇప్పుడే ముట్టుకోవాకండి. ఇంగా నాలుగు దినాలు కదపకూడదు."

ఆ మాట వాళ్లకు ఎట్లా వినబడుతుందో గోడ ఇవతల గురవమ్మకు తెలుసు. వెంట వచ్చినవాళ్లు వెనక్కి రెండడుగులు వేశారు.

"అందరూ బయటికి పోండి" అన్నాడు ఎవరో. సైదాబీని చెయ్యి పట్టి పక్కకు లాగారు. "ఏందప్పా, ఏమైందప్పా" అంటూనే ఉందామె. ఇద్దరు మనుషులు చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, వంటింట్లోంచి ఒక్కొక్క జాడీనీ పురిటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి తెచ్చారు. బర్రెలకు నీళ్లు పెట్టే తొట్టి ఉంది అక్కడ. ఒక్కొక్కటే తొట్టి నీళ్లలోకి దించారు. గుడ్డలు తడిసి ముడులు సడలాయి. మూతలు తేలాయి. కాసేపటికి నీళ్లు పసుపురంగుకు తిరిగి, తొక్కముక్కలు పైకి లేచాయి. పెరడంతా చీనీ వాసన.

ఆ నీళ్లలో మొదట తేలిన గుడ్డ నీలంది. యల్లయ్య ఇంటి జాడీని యల్లయ్య మనుషులే ముంచారు. కోడలి రవికముక్కను ఆ ఇంటి మొగవాళ్లు ఎందుకు గుర్తుపడతారు? గురవమ్మ గుర్తుపట్టింది.

అప్పుడే అనాల్సింది. ఆ మలుపు దాటి పోయి, "ఆపండప్పా, నేను తమాషాకు అంటి, అది జాము, మీ జాడీ గూడా ఉంది దాంట్లో" అని ఒక్క అరుపు అరవాల్సింది. ఊరంతా వినేట్టు మాట్లాడే గురవమ్మకు ఆ పూట నోరు పెగల్లేదు. తూర్పు మొగవాళ్ల మధ్యకు పడమటి ఆడమనిషి పోతే గొడవ ఇంకా ముదురుతుందని తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధం కూడా కాదు. కానీ కాళ్లు ఆగింది అందుకు కాదని ఆమెకు తెలుసు. భయపడింది. ఆడ నిలబడి భయపడింది, అంతే.

యల్లయ్య తొట్టిలో వేలు ముంచి నోట పెట్టుకున్నాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, "పాండి" అన్నాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే కాలు పట్టక తడబడ్డాడు. తప్పయిపోయిందమ్మా అని ఒక్క మాట అనొచ్చు కదా ఆ పెద్దమనిషి? అంటే తూర్పువీధి తలవంచినట్టవుతుంది. అనలేదు.

అంతటితో పోయినా బాగుండేది. జాము పోతే పోయింది, మళ్లీ కాయలు కాస్తాయి. కానీ వాళ్లు అటు పోయారో లేదో, పడమటివీధినుంచి వెంకటేశు తన మనుషులతో దిగాడు. వెంకటేశు పడమటి పార్టీలో ముందుండి నడిపే మనిషి. సైదాబీ అరుగు మీద కట్టెలు ఆనించి, బీడీలు ముట్టించి కూర్చున్నారు.

"ఇంగ నీకేం భయం ల్యాదు సైదాబక్కా. నువ్వు మా మనిషివి. నీ మీదికొస్తే మా మీదికొచ్చినట్టే" అన్నాడు వెంకటేశు, వీధికంతా వినబడేలా.

"నేనెవురి మనిషినీ కాదప్పా. మీరు లేచి పోండి, మీకు పుణ్యముంటాది" అని సైదాబీ చేతులు జోడించింది.

"అట్లంటే ఎట్లక్కా? నిన్ను వొదిలేస్తే మా పరువేం గావాల?"

ఆ అరుగు మీద మనుషులు మారారు గానీ అరుగు ఖాళీ కాలేదు. రెండో రోజు అంకమ్మ తన గుడ్డ కుట్టకుండానే ఇంకొకరి చేత వాపసు తెప్పించుకుంది. మిగతా తూర్పు ఆడవాళ్లూ అంతే. బీడీలు తాగే మొగవాళ్లను దాటుకుని పడమటి ఆడవాళ్లయినా ఎట్లా వస్తారు? సైదాబీ మిషను మీద గుడ్డ కప్పేసింది. ఆ శబ్దం ఆగిపోయాక గానీ, అది ఇన్నేళ్లూ రెండు వీధుల్లోనూ వినబడుతూ ఉండేదని గురవమ్మకు తెలియలేదు.

గురవమ్మ పుల్లన్న కాళ్లావేళ్లా పడింది. "నువ్వు పోయి చెప్పు. ఆ అరుగు మీదనుంచి లేచి రమ్మను. నీకు వెంకటేశు వరసకు అల్లుడే కదా."

"చెప్తే ఏమంటారో తెల్సా? నన్ను తూర్పోడంటారు" అన్నాడు పుల్లన్న. "చీనీచెట్లు నిలబడుండాలనా, వొద్దనా నీకు?" తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఆ నోరు బస్సులో మూసుకోనుంటే సరిపోయేది" అన్నాడు. గురవమ్మ ఎదురు చెప్పలేదు. మొగుడి మాటకు ఆమె ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి.

చివరికి తానే తెగించింది. కాపురానికి వచ్చింది మొదలు కాలు పెట్టని తూర్పువీధిలోకి పట్టపగలు నడిచిపోయింది. వాకిళ్లలో మాటలు ఆగిపోయాయి. యల్లయ్య వేపచెట్టు కింద మంచం మీద ఉన్నాడు. వాకిట్లోనే నిలబడి చెప్పింది గురవమ్మ. బస్సులో అంకమ్మ అన్న మాట, తాను అన్న మాట, జనం నవ్వడం, అన్నీ. "తప్పంతా నా నోటిది మామా. ఆ బిడ్డకు ఏ పార్టీ ల్యాదు. మీరొక్కతూరి ఆ యమ్మ ఇంటికి పోయి ఆ మాట చెప్పండి. మీ ఆడోళ్లను మళ్లా గుడ్డలియ్యమనండి. మీరొస్తే వెంకటేశు వాళ్లు ఆడ కూచ్చోను సాకు ఉండదు."

యల్లయ్య లేచి కూర్చుని, చెప్పుల కోసం కాలు చాచాడు. ఆయన నమ్మాడని గురవమ్మకు అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ పక్కనున్న మొగవాళ్లు నవ్వారు. అది బస్సులో నవ్వులాంటిది కాదు.

"కాయలు ల్యావని చెప్పను పడమటీధి ఆడది ఇంతదూరం వచ్చిందంటే, ఇంగా యాడనో ఉండాయనేగా మామా?" అన్నాడొకడు.

"ఆ తొట్టిలో ఏసినవి ఉత్తవి. అసలువి ముందే మార్చింటారు" అన్నాడు ఇంకొకడు.

యల్లయ్య చాచిన కాలు వెనక్కి తీసుకున్నాడు. అంకమ్మ తలుపు చాటునుంచి చూస్తోంది, కళ్లనిండా నీళ్లతో. తాను చెప్పేకొద్దీ సైదాబీ పీకకు ఉచ్చు బిగుస్తోందని గురవమ్మకు అర్థమయ్యేసరికి నోరు మూసుకుని వెనక్కి తిరిగింది. ఆ నోరు మూసుకోవడం నేర్చుకున్నది అప్పుడు. ఏం లాభం?

ఎలక్షన్లు రాకముందే సైదాబీ తమ్ముడు ప్రొద్దుటూరునుంచి జీపు తెచ్చాడు. కువైట్‌నుంచి షంషుద్దీన్ ఫోను చేసి, ఇల్లు పోతే పోయింది, నువ్వు అమ్మింటికి పో అన్నాడట. సైదాబీ పోయేముందు చేసిన పని చూసి గురవమ్మకు తల కొట్టేసినట్టయింది. తొట్టిలోంచి జాడీలన్నీ తీసి, కడిగి, ఆరబెట్టి, గుడ్డలు ఉతికి, ఎవరి జాడీకి వాళ్ల గుడ్డ మళ్లీ కట్టి, ఖాళీవి ఇంటింటికీ పంపింది. తూర్పుకూ పంపింది, పడమరకూ పంపింది.

జీపులోకి మిషను ఎక్కిస్తుంటే గురవమ్మ ఒక పక్క పట్టబోయింది. "వొద్దులే అక్కా, బరువు" అంది సైదాబీ.

"సైదాబీ, నేనేనే... ఆ బస్సులో..." అంటూ గురవమ్మ ఏడ్చేసింది.

"తెలుసక్కా. అందురూ చెప్పినారు." సైదాబీ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఆ బస్సులో నేనుంటే నేనూ నవ్వింటా. ఏడవాకు, ఊరుకో." జీపు కదిలింది. అరుగు మీద వెంకటేశు మనుషులు చెయ్యి ఊపారు, తమ మనిషిని సాగనంపుతున్నట్టు.

ఎలక్షన్లలో ఎవరో గెలిచారు. ఎవరో కాళ్లు పోగొట్టుకున్నారు. సైదాబీ ఇల్లు పడమటి పార్టీ ఆఫీసైంది. గురవమ్మ బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసేది. తెలిసినవాళ్లు "ఏం గురవమ్మా, ఒక మాట చెప్పి నవ్వించు" అంటే తలనొప్పి అనేది.

మరుసటి ఏడు గాలివాన కొట్టినాక ఆమె ఆగలేకపోయింది. రాలిన కాయల్లో మంచివి ఏరి సంచికెత్తింది. ఎర్రచుక్కల గుడ్డ కట్టిన తన ఖాళీ జాడీ కూడా సంచిలో పెట్టుకుంది. పులివెందుల బస్సు దిగి, ప్రొద్దుటూరు బస్సెక్కింది. సైదాబీ మళ్లీ జాము చేస్తుంది, జాడీ నింపి ఇస్తుంది, తాను ఊరికి తెచ్చి ఎవరికీ చెప్పకుండా అంకమ్మకు కూడా కాస్త పంపుతుంది అని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. క్షమించడం అనేది సైదాబీ ఎప్పుడో చేసేసింది. గురవమ్మకు కావాల్సింది అది కాదు. సైదాబీ మళ్లీ సైదాబీలా ఉంటే చాలు.

అడుగుతూ అడుగుతూ వీధి పట్టుకుంది. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయింది. సైదాబీ ముఖం విప్పారింది. "గురవక్కా! ఎంత ఎండలో వస్తివి!" అని నీళ్లిచ్చింది, టీ పెట్టింది. చిక్కిపోయింది మనిషి. మిషను కిటికీ పక్కన ఉంది. దాని మీద పని ఉంది. గురవమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"నీకు కాయలు తెచ్చినా సైదాబీ" అంది, సంచి విప్పుతూ.

సైదాబీ చూపు వీధి తలుపు మీదికి పోయింది. "చీనీలు అను అక్కా" అంది మెల్లగా. "ఆ మాట అనవాకు."

గురవమ్మ నాలుక కరుచుకుంది. జాడీని మాత్రం సంచిలోంచి తీయలేదు. "ఈడ జాము చేస్తాండావా?" అని అడిగింది.

"ల్యాదక్కా. జాడీలు చూస్తే ఎందుకో చెయ్యి ఆడదు." ఆమె ఒక చీనీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ సంచిలో వేసేసింది.

అంతలో పక్కింటి చాంద్‌బీ రవిక కోసం లోపలికి వచ్చింది. గురవమ్మను ఎగాదిగా చూసి, చాప మీద పక్కనే చతికిలబడింది. "ఎవురే ఈమె? మీ ఊరామెనా?" అంది.

గురవమ్మ నవ్వుముఖం పెట్టుకుని సైదాబీ వైపు చూసింది. మా గురవక్క అంటుంది. ఆ మాట వినడానికే తాను ఇంతదూరం వచ్చినట్టు ఆ క్షణంలో ఆమెకు తెలిసింది.

సైదాబీ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు. కోపం లేదు ఆ గొంతులో, ఎత్తిపొడుపూ లేదు. బట్ట కొలత చెప్పినంత మామూలుగా అంది.

"ఆఁ, మా ఊరే. పడమటోళ్లు."

"ఓహో" అని చాంద్‌బీ చాప మీద కొంచెం అవతలికి జరిగి కూర్చుంది.